ఫోన్‌పే కొట్టాలా, నోటు ఇవ్వాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది సిద్దిపేట వైపు ఒక మండల కేంద్రంలో కిరాణా కొట్టు. గల్లాపెట్టె నాన్నది, సాయంత్రం రద్దీ నాది. కొట్టుకొచ్చేవాళ్లు, చుట్టాలు, దుబాయిలో ఉన్న చిన్ననాటి స్నేహితులు ఫోన్ డబ్బుల గురించి పదే పదే అడిగేవి కొన్నున్నాయి. ఒకసారి రాసిపెడితే అడిగినప్పుడల్లా చెప్పే పని తప్పుతుందని ఇవన్నీ ఒకచోట చేర్చాను.

అందరూ ఫోన్‌తోనే కడుతున్నారు కదా, దేశంలో నోట్లు తగ్గిపోయినట్టేనా?

తగ్గలేదు. 2016 నవంబరులో నోట్ల రద్దుకు ముందు దేశంలో చలామణిలో ఉన్న నగదు దాదాపు 18 లక్షల కోట్ల రూపాయలు. 2025 మార్చి నాటికి అది 36 లక్షల కోట్లు దాటింది. అంటే రెట్టింపు. అదే కాలంలో యూపీఐ సున్నా దగ్గర మొదలై, 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. ఈ రెండూ ఒకేసారి ఎలా జరిగాయని అడిగితే, నోటు చేసే పనులు రెండని గుర్తు చేసుకోవాలి. ఒకటి ఖర్చుపెట్టడం, రెండోది దాచుకోవడం. ఫోను మొదటి పనిని లాక్కుంది, రెండోదాని జోలికి పోలేదు.

2025 మార్చి లెక్కల్లో నోట్ల మొత్తం విలువలో 86 శాతం 500 నోట్లదే. 500 నోటు ఇచ్చి చాయ్ తాగేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ నోట్లు బీరువాల్లో, ఆసుపత్రి భయానికి పక్కన పెట్టుకున్న కవర్లలో, కాగితం మీద ఒక ధర, చేతికింద ఒక ధర నడిచే భూముల బేరాల్లో ఉంటాయి. ఒక మాట ఒప్పుకోవాలి: ఈ తొమ్మిదేళ్లలో ధరలు, ఆదాయాలు కూడా పెరిగాయి. దేశ ఆదాయంతో పోల్చి చూస్తే నగదు వాటా పెరిగిందని అనలేం. కానీ మాయమైపోతుందన్నవాళ్ల జోస్యం మాత్రం ఫలించలేదు.

మరి పోయిందేమిటి?

చిల్లర. మా కొట్టు వరకైతే చిల్లర గొడవ పోయింది.

ఆర్టీసీ బస్సులో కండక్టరు టికెట్టు వెనక పెన్నుతో 8 అని రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకొమ్మనడం గుర్తుందా? దిగేలోపు మనం మరిచిపోవడమో, ఆయన దగ్గర లేకపోవడమో జరిగేది. ఒక్కోసారి ఇద్దరు ప్రయాణికులకు కలిపి ఒక నోటిచ్చి, మీరు మీరు పంచుకోండి అనేవాడు. కొట్లలోనూ అంతే. రూపాయి బదులు చాక్లెట్. మా నాన్న గల్లా పక్కన చాక్లెట్ల సీసా పెట్టింది పిల్లల కోసమని అందరూ అనుకునేవాళ్లు. అది నిజానికి మా చిల్లర డబ్బా.

ఇప్పుడు 43 రూపాయలైతే 43 పడతాయి. రాత్రి ఏడున్నరకు పాల ప్యాకెట్ల కోసం జనం ఎగబడినప్పుడు మా కొట్టు దగ్గర నిలబడి చూడండి. ఒక కుర్రాడు ఫోను తిప్పి చూపిస్తూ "సేటూ, కొట్టిన, సూడు" అంటాడు. మా నాన్న తెర వైపు చూడడు, చెవి మాత్రం అటు పెడతాడు. "డబ్బా మొత్తుకోలే గదా బిడ్డా, జర ఆగు." రెండు క్షణాలకు మూలనున్న సౌండ్ బాక్సు నలభై మూడు రూపాయలు అందాయని అరుస్తుంది. అప్పుడు ప్యాకెట్ చేతికిస్తాడు. చదువు అంతగా రాని మా నాన్నకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చింది ఆ అరుపు ఒక్కటే.

అన్నట్టు, గంగిరెద్దు నొసటన స్కానర్ కట్టి భిక్ష తీసుకుంటున్న వీడియోను 2021 నవంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పంచుకున్నారు. క్యూఆర్ కోడ్‌ని మా దగ్గర స్కానర్ అనే అంటారు. తప్పని చెప్పి లాభం లేదు, అదే పేరు స్థిరపడింది.

ఇదంతా నోట్ల రద్దు పుణ్యమేనా?

కొంత. యూపీఐని 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ ముంబయిలో 21 బ్యాంకులతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. నోట్ల రద్దు వచ్చింది ఆ ఏడాది నవంబరు 8న. అంటే బండి అప్పటికే తయారై ఉంది, జనం ఎక్కక తప్పని పరిస్థితి తర్వాత వచ్చింది. నవంబరు చివర్లో కేంద్రం డిజిటల్ చెల్లింపుల మీద ముఖ్యమంత్రుల కమిటీ వేసి చంద్రబాబు నాయుడిని కన్వీనరుగా పెట్టింది. ఇక్కడ మా జిల్లాలోనే ఇబ్రహీంపూర్‌ను నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. ఇంటింటికీ కార్డులు, కొట్లకు స్వైప్ మిషన్లు.

ఆ స్వైప్ మిషన్లు ఎక్కువకాలం నిలవలేదు. మా బజారులోనూ కొందరు తెచ్చుకున్నారు. మిషన్‌కు నెల అద్దె, ప్రతి అమ్మకం మీద కోత, సిగ్నల్ లేకపోతే కాగితం చుట్ట తిరుగుతూ ఉండిపోవడం. నోట్లు మళ్లీ బ్యాంకుల్లో దొరకగానే మిషన్లు అటక ఎక్కాయి. యూపీఐ నెలకు 100 కోట్ల లావాదేవీలను అందుకున్నది 2019 అక్టోబరులో, అంటే రద్దు తర్వాత మూడేళ్లకు. దానికి తోడ్పడినవి మూడు: 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్ చవకవడం, చవక స్మార్ట్‌ఫోన్లు, మిషన్ అక్కర్లేకుండా అట్టముక్క మీద అచ్చేసిన స్కానర్. నన్నడిగితే ఆ అట్టముక్కకే ఎక్కువ మార్కులు వేస్తాను. దానికి కరెంటు వద్దు, అద్దె లేదు.

బలవంతంతో నగదు పోదనడానికి నైజీరియా ఉదాహరణ. 2022 అక్టోబరులో పాత నైరా నోట్లు మారుస్తామని ప్రకటించారు. 2023 మొదట్లో కొత్త నోట్లు చాలక, బ్యాంకు యాప్‌లు ఆ తాకిడికి ఆగిపోయి జనం అల్లాడారు. చివరికి మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు పాత నోట్లు ఆ ఏడాది ఆఖరు దాకా చెల్లుతాయని చెప్పాల్సి వచ్చింది.

యూపీఐ, ఫోన్‌పే ఒకటి కాదా?

కాదు. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ అన్నీ తలుపులు. లోపల ఉన్న దారి ఒకటే, దాన్ని నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. మీ డబ్బు మీ బ్యాంకు ఖాతాలోంచి నేరుగా అవతలి బ్యాంకు ఖాతాలోకి పోతుంది, యాప్‌లో ఆగదు. అందుకే మీది ఏ యాప్ అయినా, కొట్టులో అతికించింది ఏ కంపెనీ స్కానర్ అయినా పని జరుగుతుంది.

ఇందులో హైదరాబాద్ చెయ్యి ఒకటుంది. 1996లో రిజర్వు బ్యాంకు అక్కడ ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థను పెట్టింది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో తయారుచేసి నడిపింది ఆ సంస్థే. 2009లో దాన్ని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు అప్పగించింది. బ్యాంకులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అప్పటికే అలవాటై ఉండకపోతే, ఈ స్కానర్ ఇంత తేలిగ్గా రాదు.

కెన్యాలో మనకంటే ముందే వచ్చిందంటారు, నిజమేనా?

నిజమే. 2007 మార్చిలో సఫారీకామ్ అనే టెలిఫోన్ కంపెనీ ఎం-పెసా మొదలుపెట్టింది. పెసా అంటే స్వాహిలిలో డబ్బు. బటన్ ఫోన్ చాలు, బ్యాంకు ఖాతా కూడా అక్కర్లేదు. నైరోబీలో కూలి చేసే మనిషి వీధి చివర ఏజెంటుకు నోట్లిస్తే అవి ఫోనులో అంకెలవుతాయి. ఊళ్లో తల్లి ఇంకో ఏజెంటు దగ్గర వాటిని మళ్లీ నోట్లు చేసుకుంటుంది.

అదే మన దేశంలో వొడాఫోన్ 2013లో తెచ్చి 2019లో మూసేసింది. ఇక్కడ రిజర్వు బ్యాంకు డబ్బు సంగతి టెలిఫోన్ కంపెనీల చేతికి ఇవ్వడానికి ఇష్టపడలేదు, బ్యాంకు ఖాతా చుట్టూనే అంతా తిప్పింది. 2014 ఆగస్టులో మొదలైన జన్ ధన్ ఖాతాలు ఆ దారికి నేల చదును చేశాయి. బ్రెజిల్ 2020 నవంబరులో తెచ్చిన పిక్స్ కూడా మన తీరుకు దగ్గరే, దాన్ని నడిపేది అక్కడి కేంద్ర బ్యాంకే.

కొట్టువాళ్లకు దీనివల్ల ఖర్చు లేదా? ఫ్రీగా ఎవరు నడుపుతున్నారు?

2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డుల మీద వ్యాపారి దగ్గర కోత పెట్టకూడదు. బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు వచ్చే మామూలు చెల్లింపుకు మా కొట్టుకు పైసా ఖర్చు లేదు. కానీ ఆ అరిచే డబ్బాకు నెల అద్దె ఉంది. పెట్టిన కుర్రాడు మొదట ఉచితమే అన్నాడు, రెండో నెల నుంచి ఖాతాలో కోత మొదలైంది. ఆ కంపెనీ పేరు ఇక్కడెందుకు గానీ, సంతకం పెట్టేముందు అద్దె ఎంతో రాయించుకోండి.

పైన నడిపే ఖర్చులో కొంత ప్రభుత్వం ప్రోత్సాహకంగా బ్యాంకులకు ఇస్తోంది. యాప్ కంపెనీలేమో మీకు అప్పులు, బీమా, రీఛార్జిలు అమ్ముకుని సంపాదించుకోవాలని చూస్తున్నాయి. 2025లో ఫోన్‌పే, గూగుల్ పే కలిసి దాదాపు 80 శాతం లావాదేవీలు పట్టుకున్నాయి. ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం దాటకూడదని 2020లోనే నియమం పెట్టినా, గడువు జరుగుతూ జరుగుతూ 2026 డిసెంబరు దాకా వచ్చింది.

కొన్ని కొట్లలో "ఓన్లీ క్యాష్" అని బోర్డు పెడుతున్నారు, ఎందుకు?

చాలామంది దొంగ లెక్కల కోసమే అనుకుంటారు. అదీ ఉంది. 2025 జులైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ రాబడి లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. బెంగళూరులో కూరగాయల బండ్ల మీద, బేకరీల మీద స్కానర్లు ఊడిపోయాయి. ఖాతాలో పడిందంతా అమ్మకమే కాదు, చుట్టాలిచ్చిన చేబదులు కూడా అందులోనే ఉంటుంది. దాన్ని విడదీసి చూపించే పుస్తకం తోపుడు బండి దగ్గర ఎక్కడుంటుంది?

బయటకు చెప్పుకోని కారణాలు ఇంకా ఉన్నాయి. ట్రాక్టరు వాయిదా బాకీ ఉన్న ఖాతాలో పొద్దుట్నుంచి పడిన అమ్మకాన్ని బ్యాంకు మధ్యాహ్నానికి లాగేసుకుంటుంది. సాయంత్రం మార్కెట్లో సరుకు వేసుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. మా పక్కన మిర్చి బజ్జీలు వేసే అక్క స్కానర్ పెట్టుకోదు. బ్యాంకు ఖాతా, ఫోను రెండూ భర్త దగ్గరే ఉంటాయి. ఫోనులో పడితే ఆయన డబ్బు, చేతిలో పడితే ఆమె డబ్బు. ఇది పన్ను ఎగవేత అంటే నేను ఒప్పుకోను.

మా అమ్మకు బటన్ ఫోనే ఉంది. ఆమె ఎలా కట్టాలి?

రెండు దారులు. *99# నొక్కితే నెట్ లేకుండా యూపీఐ నడుస్తుంది. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే అయితే ఫోన్ చేసి, చెప్పినట్టు అంకెలు నొక్కుతూ పంపొచ్చు. రెండూ పనిచేస్తాయి గానీ, నిజాయితీగా చెప్పాలంటే మా ఊళ్లో వాడుతున్న ముసలివాళ్లను నేను చూడలేదు. వాళ్లు మనవడిని పిలుస్తారు, లేదా ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి నోట్లు తీసుకుంటారు. మనవడికి పిన్ చెప్పడం వద్దని ఎన్నిసార్లు చెప్పినా లాభం ఉండదు. కనీసం పింఛను పడే ఖాతాను యూపీఐకి కలపకుండా ఉంచండి.

వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలోనూ మోసాలు జరిగాయి. వాడనప్పుడు ఆధార్ బయోమెట్రిక్‌ను తాళం వేసి ఉంచే సౌకర్యం ఉంది, ఆధార్ కేంద్రంలో అడగండి.

ఇంత డిజిటల్ అంటూ ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఇంటికి నోట్లుగా ఎందుకు తెచ్చిస్తున్నారు?

తీసుకునేవాళ్లకు అదే కావాలి కాబట్టి. అక్కడ నెల మొదటి తారీఖున పొద్దున్నే గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది తలుపు తట్టి డబ్బు లెక్కపెట్టి ఇస్తారు. 2024 జులై నుంచి వృద్ధులకు 4,000 రూపాయలు. అదే ఏడాది మే నెలలో, ఎన్నికల సమయంలో, ఖాతాలున్నవాళ్లకు బ్యాంకులోనే వేశారు. ఎండలో బ్యాంకుల ముందు బారులు తీరిన ముసలివాళ్లను అప్పుడు టీవీల్లో చూశాం. పడిందో లేదో తెలియదు, ఖాతా ఎప్పుడో మూలపడి ఉంటుంది, బ్యాంకు ఉన్న ఊరికి ఆటో ఖర్చు వేరే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకుముందే దీనిమీద పెద్ద ప్రయోగం జరిగింది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో, వేలిముద్ర చూసి, ఊళ్లోనే చేతికి ఇచ్చేవారు. 2010 నుంచి 157 మండలాల్లో లాటరీ పద్ధతిన ముందూ వెనకా ప్రవేశపెట్టి పరిశోధకులు పోల్చి చూశారు. కూలీ తొందరగా అందింది, మధ్యలో కాజేసేది తగ్గింది. గమనించారా, అక్కడ లెక్క మాత్రమే డిజిటల్, చేతికొచ్చింది నోటే.

డబ్బు కట్ అయింది, అవతల పడలేదు. ఏం చేయాలి?

ముందు గాభరాపడి రెండోసారి కొట్టకండి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన గడువుల ప్రకారం, మనిషికి పంపింది అవతల పడకపోతే మరుసటి రోజులోగా తిరిగి రావాలి. కొట్టులో కట్టింది అందకపోతే ఐదు రోజుల్లోగా రావాలి. ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, మీరు అడగకపోయినా ఇవ్వాలి. ఇవ్వరు. నాకు ఒకసారి 2,300 రూపాయలు తొమ్మిది రోజులు గాల్లో ఉండిపోయాయి. బ్యాంకు మేనేజరు యాప్ వాళ్లనడగమన్నాడు, యాప్ వాళ్లు బ్యాంకు అన్నారు. లావాదేవీ 12 అంకెల నంబరు రాసి, గడువు నియమం పేరెత్తి కాగితం మీద ఫిర్యాదు ఇచ్చాకే అసలు, దాని మీద పరిహారం పడ్డాయి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారికి, ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

తప్పు నంబరుకు పంపేశాను.

వెంటనే యాప్‌లోనూ బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టండి. కానీ అవతలి మనిషి ఒప్పుకుంటేనే సాధారణంగా వెనక్కి వస్తాయి. 2025 జూన్ చివరి నుంచి పంపేముందు బ్యాంకులో ఉన్న అసలు పేరే కనపడాలన్న నియమం వచ్చింది. ఆ పేరు చదవండి, అంతే.

మోసం జరిగిందని ఎలా గుర్తుపట్టాలి?

మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. ఇది ఒక్కటి తలకెక్కితే సగం మోసాలు తప్పుతాయి. పాత మంచం అమ్ముతానని పెట్టినవాళ్లకు "డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి అన్నా" అంటూ రిక్వెస్టులు వచ్చేవి. మనుషుల మధ్య ఆ రిక్వెస్టు పద్ధతినే 2025 అక్టోబరు 1 నుంచి ఎత్తేశారు. కొట్లలో అయితే దొంగ స్క్రీన్‌షాట్‌లు. కట్టకుండానే కట్టినట్టు తెర చూపించే యాప్‌లున్నాయి. మా నాన్న తెర చూడకపోవడంలోని తెలివి అప్పుడు అర్థమైంది నాకు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటేలోపే పట్టుకోగలిగితే ఆపగలరు. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో చెప్పకుండా ఉన్నవాళ్ల డబ్బే ఎక్కువగా పోతుంది.

గల్ఫ్ నుంచి యూపీఐ వాడొచ్చా?

2023 జనవరిలో పది దేశాల నంబర్లకు అనుమతి ఇచ్చారు. అమెరికా, బ్రిటన్, సింగపూర్‌తో పాటు యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. ఆ తొలి జాబితాలో కువైట్, బహ్రెయిన్ లేవు. విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా ఉండాలి. దిర్హాములు నేరుగా పంపడం కాదిది. ఇక్కడి మీ రూపాయల ఖాతాలోంచి ఊళ్లో కరెంటు బిల్లు, పిల్లల ఫీజు కట్టుకోవడం మాత్రమే. అక్కడి డబ్బు ఇక్కడికి రావడానికి ఎక్స్ఛేంజ్ కంపెనీ దారి మామూలే.

సర్వర్ డౌన్ అయితే?

2025 మార్చి 26న, ఏప్రిల్ 12న దేశమంతా ఆగిపోయింది. చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ (ముందే కొంత డబ్బు పక్కన వేసుకుని అందులోంచి కట్టే పద్ధతి) పెట్టుకుంటే మీ బ్యాంకు సర్వర్ నసలు కొంత తప్పుతాయి. ఏదేమైనా ఫోన్ కవర్ వెనకాల ఒక 500 నోటు ఉంచండి. నేను ఉంచుతాను.

పెళ్లిలో చదివింపులు ఫోన్‌లో కొట్టొచ్చా?

ఎందుకు కొట్టకూడదు. ఈ మధ్య చదివింపుల పుస్తకం పక్కనే స్కానర్ నిలబెడుతున్నారు. పెద్ద మొత్తాల్లో అయితే ఒక జాగ్రత్త: 2017 ఏప్రిల్ నుంచి ఒకే వేడుకకు సంబంధించి ఒక మనిషి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. హాలు అద్దె, బంగారం కొట్టువాళ్లు అందుకే చెక్కు అడుగుతారు.

ఇక నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్ల సంగతి. ఆ చివరి రూపాయి కోసమే బిళ్ల అతికించిన కవర్లు అమ్మేవాళ్లు. మా కొట్టులో ముహూర్తాల రోజుల్లో అవి కట్టలు కట్టలు పోయేవి. ఫోనులో 1,116 అని కొడితే అంతే పడుతుంది, బిళ్ల అక్కర్లేదు. అయినా మొన్న మాఘమాసంలో మా మేనత్త వచ్చి కవరు అడిగింది. "అత్తమ్మా, ఫోన్‌పే కొట్టొచ్చు గదా" అన్నాను. "కొడితే పైసలు పిల్ల తండ్రికి పోతయిరా, పిల్ల చేతుల పెట్టాలె" అంది. కవరు పది రూపాయలు. ఆ పది మాత్రం ఫోన్‌లో కొట్టి పోయింది.